నగారఖానాలో బోణి దెబ్బ

నేను ఒక క్యారంబోర్డును. ప్రస్తుతం రాయనిగడ్డ కోటలో, అద్దాల పెట్టెలో కాపురం. పెట్టె ముందు ఒక ఇత్తడి రేకు బిగించారు. 'సంస్థానాధీశులు శీతాకాలపు సాయంత్రాలలో వినోదించిన క్యారం బల్ల' అని దాని మీద చెక్కించారు. శుద్ధ అబద్ధం. నేను పుట్టేనాటికి రాజూ లేడు, రాజ్యమూ లేదు. రాజుగారు నన్ను చూడలేదు, నేను రాజుగారిని చూడలేదు. అయినా చలికాలం వచ్చిందంటే చాలు, బస్సుల కొద్దీ జనం దిగుతారు. కోట ఎక్కుతారు, తుప్పు పట్టిన ఫిరంగి మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసుకుంటారు, దర్వాజా దగ్గర మిరపకాయ బజ్జీలు తింటారు, ఆ నూనె చేతులతోనే వచ్చి నా అద్దం మీద వేళ్ళు పెట్టి "అబ్బ, రాజులు ఆడిందట!" అనుకుంటూ పోతారు. 'ముట్టుకోరాదు' అని ఇంకో బోర్డు కూడా ఉంది. దెబ్బలు తినడానికే పుట్టిన దాన్ని ముట్టుకోవద్దంటే నా ఒళ్ళు మండదా, మీరే చెప్పండి?

నిజం చెప్తాను, వినండి. నన్ను చేసింది ఈ ఊరి వడ్రంగి మౌలాలి. రాజుల గడీలో పాత తలుపులు వేలం వేసినప్పుడు ఒక విరిగిన తలుపు అతని చేతికి వచ్చింది. ఆ టేకుతో నాలుగు పక్కలా చట్రం కట్టి, హైదరాబాదు నుంచి తెప్పించిన ప్లైవుడ్ నడుమ బిగించాడు. నాలో రాచరికం ఏదన్నా ఉందంటే ఆ చట్రం వరకే. ఆ తలుపు రాజులు వస్తుంటే తెరుచుకుని, పోతుంటే మూసుకునేది. అంతకుమించి దానికీ పెద్ద ముచ్చట్లు తెలియవు.

నన్ను చేయించుకున్నాయన పోస్టుమాస్టరు. పిల్లల కోసమని చేయించాడు. పిల్లలు నా మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. "గీతలు పడతాయిరా!" అని అరిచి, వాళ్ళు నిద్రపోయాక తనే ఒక్కడూ ఆడుకునేవాడు. ఒక్కడే ఆడినా ఓడిపోయినట్టు ముఖం పెట్టడం ఆయన దగ్గరే చూశాను. తర్వాత బదిలీ అయింది. సామాను బండిలో నేను పట్టలేదు. పోతూ పోతూ నన్ను నగారఖానా క్లబ్బుకు ఇచ్చేసి పోయాడు. నా అసలు బతుకు అక్కడే మొదలైంది.

నగారఖానా అంటే కోట దర్వాజా మీది గది. ఒకప్పుడు పొద్దు తెలిసేలా అక్కడ నగారాలు మోగించేవారట. నేను వెళ్ళేసరికి నగారాలు లేవు, పావురాలు ఉన్నాయి. రాతిమెట్లు ఎక్కి పైకి వెళ్ళాలి. లోపల నాలుగు కుర్చీలు, ఒక బల్ల, నడుమ వేలాడే బల్బు. ఊళ్ళో సాయంత్రం పూట పనిలేని మగవాళ్ళంతా అక్కడే చేరేవారు. పని ఉన్నవాళ్ళూ వచ్చేవారు, పని లేదని చెప్పి.

క్యారం చలికాలపు ఆట. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరు. వానాకాలం గాలిలో తేమ. ఎంత పౌడరు చల్లినా బిళ్ళలు ఈడ్చుకుంటూ నడుస్తాయి. ఎండాకాలం ఆ రాతిగది బట్టీ అయిపోతుంది, ఫ్యాను వేస్తే పౌడరంతా ముఖాన కొడుతుంది. చలి దిగగానే నా ఒళ్ళు ఆరి, నున్నబడి, వేలు తాకితే చాలు బిళ్ళ జర్రున జారిపోతుంది. అప్పటికి పల్లికాయ చేతికొచ్చి జనానికీ కాస్త తీరిక దొరికేది. పొద్దున్నే చెరువుగట్టు దగ్గర బాల్ బాడ్మింటన్, కోట కింది మైదానంలో ఎగ్జిబిషన్, అందులో కిర్రుకిర్రుమనే జెయింట్ వీల్, వీధి మూలల్లో చలిమంటలు, వాటి చుట్టూ కూర్చుని ఊళ్ళోవాళ్ళ మీద చాడీలు. ఇవన్నీ ఉన్నా, పొద్దు గూకితే అందరి కాళ్ళూ నగారఖానా మెట్ల వైపే తిరిగేవి.

అక్కడ ఒక ఆచారం ఉండేది. వానాకాలమంతా నన్ను గొంగడిలో చుట్టి గోడకు ఆనించేవారు. కార్తీక పున్నమి తెల్లారి విప్పేవారు. ఆ ఏటి మొదటి దెబ్బ, పోయినేడు పోటీ గెలిచినవాడే కొట్టాలి. దాన్ని 'బోణి' అనేవారు. అతను బోణి కొట్టేదాకా ఇంకెవరూ నా మీద వేలు పెట్టకూడదు. ఎవరు పెట్టారీ ఆచారం అని అడిగితే "రాజుల కాలం నుంచి వొస్తున్నది" అనేవారు. రాజుల కాలంలో నేనే లేనని వాళ్ళకూ తెలుసు. తెలిసీ ఆ మాటే అనేవారు, వింటూ నేనూ కాస్త పొంగిపోయేదాన్ని.

చాలా ఏళ్ళు ఆ బోణి కురుమయ్యదే. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. టికెట్లు చింపీ చింపీ కుడిచేతి చూపుడువేలు అదో రకంగా గట్టిపడిపోయింది. ఆ వేలు కదిలేది కనబడేది కాదు, బిళ్ళ గుంతలో పడ్డాక చప్పుడు వినబడేది. ఎంత మంచి ఆటగాడో అంత చెడ్డ నోరు. ముక్కు మీద కోపం. స్ట్రైకరు రెండు గీతలకూ తాకించి పెట్టకపోతే "ఫౌల్!" మోచెయ్యి ముందుకు వంగితే "ఫౌల్!" ఒకసారి తాసిల్దారు సరదాగా ఆడడానికి వచ్చి స్ట్రైకరును గుంతలో పడేశాడు. అందరూ చూడనట్టు తలలు తిప్పుకున్నారు. కురుమయ్య మాత్రం, "సార్, స్ట్రైకరు వడ్డది. ఒక బిళ్ళ జుర్మానా. నడుమ వెట్టుండ్రి" అని చెయ్యి చాపాడు. తాసిల్దారు పెట్టాడు. తన స్ట్రైకరు పడినా అంతే, ఎవరూ అడగకముందే తాను గెలిచిన బిళ్ళ ఒకటి తీసి నడుమ పెట్టేవాడు. ఆయన ఆటలో నాకు బాగా నచ్చింది ఆ గుణమే.

ఆయన భార్య మణెమ్మ. ఆమె పేరు నేను రోజూ వినేదాన్ని గాని, మనిషిని చూడలేదు. ఆడవాళ్ళు నగారఖానా ఎక్కకూడదని ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఎవరూ ఎక్కలేదు. ఆమె కింద దర్వాజా దగ్గర నిలబడి పైకి కేకేసేది. "ఏమయ్యా! రొట్టె సల్లారిపోతున్నది. నా సవితిని ఇడిసి వొస్తవా, రావా?" ఆ సవితిని నేనే. పైన అందరూ నవ్వేవారు. కురుమయ్య మాత్రం లేచేవాడు కాదు, "ఈ బోర్డు కానియ్యి" అనేవాడు. ఆమె కేకలు విని విని, నేను ఆమెకు అన్యాయం చేస్తున్నానేమో అని కూడా అనిపించేది.

ఒక ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా కురుమయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడ్చుకుంటూ కదిలేది. మాట కొంచెం ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. గొంగట్లో ఉన్న నాకు ఈ సంగతి పావురాల రెక్కల చప్పుడు మధ్య మనుషుల మాటల్లో తెలిసింది. ఆ చెయ్యే ఎందుకు పోవాలి? నోరు పోయినా ఊరు సంతోషించేది కదా, అనుకున్నాను. నవ్వులాటకు అనడం లేదు, నిజంగానే ఏడుపొచ్చింది.

కార్తీక పున్నమి వచ్చింది, పోయింది. నన్ను విప్పారు, బల్ల మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. క్లబ్బు సెక్రెటరీ వెంకోబ, ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు మాస్టరు, ఇంటికి వెళ్ళి పిలిచి వచ్చాడు. కురుమయ్య రానన్నాడు. మళ్ళీ వెళ్ళాడు. తలుపు తియ్యలేదు. రోజులు గడుస్తున్నాయి. కింద ఎగ్జిబిషన్ పెట్టారు, జెయింట్ వీల్ తిరుగుతోంది. పైన మేమంతా ముఖాముఖాలు చూసుకుంటూ కూర్చున్నాం.

"చాంద్ పాషా, నువ్వు కొట్టు బోణి" అన్నాడు వెంకోబ ఒకరోజు. దర్వాజా కింద చాయ్, మిరపకాయ బజ్జీల దుకాణం చాంద్ పాషాదే. పోయినేడు ఫైనల్లో కురుమయ్య చేతిలో ఓడినవాడు.

చాంద్ పాషా రెండు చెంపలూ వాయించుకున్నాడు. "తోబా తోబా! అన్న బతికుండంగ నేను బోణి కొడ్తనా? గా పాపం నాకొద్దు సార్."

"మరెట్ల? చలికాలమంత గిట్లనే కూసుందమా?"

అప్పుడు వెంకోబకే ఒక ఆలోచన తట్టింది. అన్న బోర్డు దగ్గరికి రాలేకపోతే బోర్డునే అన్న దగ్గరికి తీసుకుపోదాం. ఊరికే తీసుకుపోతే ఏం బాగుంటుంది, ఘనంగా తీసుకుపోదాం! ఆ మాట అనగానే గదిలో అందరికీ పూనకం వచ్చింది. మీకు ఈ ఊరివాళ్ళ సంగతి తెలియదు. వీళ్ళకు మనసులో ప్రేమ పుడితే ఊరేగింపు తియ్యకుండా ఉండలేరు. దేవుడికైనా, పెళ్ళికొడుకుకైనా, గెలిచిన సర్పంచుకైనా అదే డప్పు, అవే బంతిపూలు. ఆఖరికి కాటికి పోయేవాడికి కూడా అవే.

మర్నాడు పొద్దున నన్ను కిందికి దించారు. మంచు పడుతోందని కొత్త తెల్లగుడ్డ తెచ్చి నిండా కప్పారు. దాని మీద బంతిపూల దండలు వేశారు. నలుగురు నాలుగు మూలలా పట్టుకుని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ముందు డప్పులు. ఒకాయన దారి పొడుగునా పిడికిళ్ళతో పేలాలు, పూలు చల్లుతున్నాడు. పేలాలు ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియాలి. సందులు దాటుతుంటే అరుగుల మీది ముసలివాళ్ళు లేచి నిలబడి చెప్పులు విడుస్తున్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నోరుంటే "ఆగండ్రా నాయనా" అని మొత్తుకునేదాన్ని. లేదు కదా.

కురుమయ్య ఇంటి ముందు అరుగు మీద, గొంగడి కప్పుకుని ఎండ కోసం కూర్చుని ఉన్నాడు. వీధి మలుపు తిరిగి మేం ఆయన కంటపడ్డాం. డప్పు, తెల్లగుడ్డ, పూలు, పేలాలు, నలుగురి భుజాలు. ఆయన కాసేపు అలా చూశాడు. ముఖం నల్లబడింది.

"ఎవరిని మోస్కవోతున్రు?" అన్నాడు.

అప్పటికిగాని వాళ్ళకు తాము చేసింది ఏమిటో కనబడలేదు. డప్పు ఆగిపోయింది.

"నేనింక సావలే వెంకోబా. జెర ఆగరాదు?" అని కురుమయ్య కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

వెంకోబ అక్కడే అరుగు మీద కూలబడి తల బాదుకున్నాడు. నన్ను అక్కడే దించి, ఒకరి ముఖం ఒకరు చూడలేక, ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ రాత్రంతా నేను బయటే ఉన్నాను. తెల్లగుడ్డ తడిసింది. మంచు నా ఒళ్ళోకి దిగి, ఒక మూల ప్లైవుడ్ ఉబ్బింది. ఆ ఉబ్బు మళ్ళీ పోలేదు, అద్దంలోంచి ఇప్పటికీ కనబడుతుంది, కావాలంటే చూడండి.

మర్నాడు మణెమ్మ తలుపు తీసింది. అప్పుడు చూశాను ఆమెను మొదటిసారి. పొట్టి మనిషి, చేతుల నిండా మట్టిగాజులు. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "వొచ్చినవా సవితీ? ఇన్నేండ్లకు నా ఇంటికే వొచ్చినవు" అంది. గుడ్డ తీసి దులిపి, నన్ను పెరట్లోకి ఈడ్చుకుపోయి ఎండలో పరిచింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత చేటెడు మిరపకాయలు తెచ్చి నా మీద ఎండబోసింది!

అవమానంతో చచ్చిపోయాను. తాసిల్దారు ఆడిన ఒళ్ళు ఇది. దాని మీద కారం పట్టించే మిరపకాయలా? అదేం ఖర్మ!

నాకంటే ఎక్కువ మండినవాడు ఇంకొకడు ఉన్నాడు. వెనక కిటికీలోంచి కేక వినబడింది. "బోర్డు మీద మిరపకాయలేందే? నీకేమన్న తెలివుందా!"

మణెమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఊరేగింపు దగ్గర్నుంచి ఆ మనిషి ఒక్క మాట మాట్లాడలేదని, అన్నం కూడా సరిగా ముట్టలేదని ఆమె పక్కింటావిడతో చెప్పుకుంటుంటే అంతకు ముందే విన్నాను. ఆమె కిటికీ వైపు చూడలేదు. "ఆడేటోళ్ళు లేనప్పుడు మిరపకాయలే ఎండవోస్త. ఇంక దేనికి పనికొస్తది?" అంది గట్టిగా. లోపలి నుంచి ఇంకో నాలుగు తిట్లు వచ్చాయి. ఆమె తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను, నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం మిరపకాయలు తీసేసింది. నన్ను తుడిచి, బిళ్ళల డబ్బా తెచ్చి పరిచి, నీరెండలో చాప మీద కూర్చుని ఆట మొదలుపెట్టింది. అదేం ఆట అమ్మా! స్ట్రైకరును వేలితో కొట్టదు, అరచేత్తో నెడుతుంది. ఎక్కడ పడితే అక్కడ పెడుతుంది. గుంతలో పడని బిళ్ళను చేత్తో తీసి పడేస్తుంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. కిటికీలో కురుమయ్య పళ్ళు నూరుతున్నాడు.

"ఫౌల్" అన్నాడు చివరికి.

"ఏంది?"

"స్ట్రైకరు రెండు గీతలకు తాకాలె. ఒక్క గీతకే వెట్టినవు."

"నాకేమెరుక? చెప్పేటోళ్ళు బయటికొచ్చి చెప్పాలె. కిటికీలకెల్లి కాకి అరిసినట్టు అరుస్తే నాకెట్ల తెలుస్తది?"

మర్నాడు ఆయన పెరట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆమె మళ్ళీ ఒక్క గీతకే పెట్టింది. ఆ మర్నాడూ అంతే. నా ఒంటి మీద ఏ వేలు ఏం చేస్తుందో నాకు తెలుస్తుంది. తెలియనివాళ్ళు ఒకసారి ఇటు, ఒకసారి అటు తప్పుతారు. ఈమె ప్రతిసారీ ఒకే తప్పు, అంత జాగ్రత్తగా, అదే చోట చేసేది. ఆయన ప్రతిసారీ అరిచేవాడు. అరిచినకొద్దీ మాట సాఫు అవుతూ వచ్చింది.

ఒకరోజు ఆయనే ఎడమ చెయ్యి చాపాడు. "ఇటియ్యి. ఎట్ల కొట్టాలెనో సూపిస్త" అన్నాడు. కొట్టాడు. స్ట్రైకరు రెండు అంగుళాలు జరిగి ఆగిపోయింది. ఆ వేలిలో బలం లేదు, గురి లేదు, అలవాటు లేదు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అంతే. స్ట్రైకరు తీసి దానిమ్మ చెట్టు వైపు విసిరికొట్టాడు. తర్వాత, చెప్పకూడదు గాని, ముఖం తిప్పుకుని ఏడ్చాడు. పెద్దగా, పిల్లవాడిలా ఏడ్చాడు.

మణెమ్మ వెళ్ళి స్ట్రైకరు వెతికి తెచ్చి, కొంగుతో మన్ను తుడిచి నా మీద పెట్టింది.

"పోదాం నడువు నగారఖానకు" అంది.

"పోను. నన్ను సూసి అందరు అయ్యో అంటరు. మొన్న సూస్తివి గద, సావకముందే మోస్కొచ్చిన్రు. తిట్టుమను, వడుత. ఓడగొట్టుమను, వడుత. ఆ అయ్యో ఒక్కటి నేను వడలేనే మణెమ్మా."

ఆమె స్ట్రైకరును ఆయన ఎడమచేతి దగ్గరికి జరిపింది. "సరే తియ్యి. నేనైతే అయ్యో అన గద? కొట్టు" అంది. అనలేదు కూడా. ఆ రోజు నుంచి ఆయన స్ట్రైకరు గుంతలో పడితే చాలు, ఒక బిళ్ళ తీసి నడుమ పెట్టేదాకా పీక మీద కూర్చునేది. "జుర్మానా! ఏంది సూస్తున్నవు, వెట్టు!" ఆయనకు కోపం వచ్చేది. ఆ కోపంలో ఇంకొంచెం గట్టిగా కొట్టేవాడు. ఎడమ వేలు మెల్లమెల్లగా దారికొచ్చింది. కుడిచేతి ఆట రాలేదు, అది ఇక రాదు. ఏదో ఒక ఆట మాత్రం వచ్చింది.

ధనుర్మాసం సగంలో ఉండగా ఒక సాయంత్రం బయలుదేరారు. చాంద్ పాషాకు కబురు పెట్టి ఆటో తెప్పించారు. "డప్పు వినవడ్డదో, అటునుంచటే ఎనక్కి వోత" అని కురుమయ్య ముందే చెప్పాడు. పూలు లేవు, గుడ్డ లేదు. నన్ను సీటుకు ఆనించి మామూలు సామానులా తీసుకుపోయారు. నాకు ఎంత హాయిగా ఉందో! నన్ను చాంద్ పాషా పైకి మోసుకుపోయాడు. కురుమయ్యను ఎత్తుకుంటామని ఇద్దరు ముందుకు వస్తే కర్ర ఎత్తి చూపించాడు. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ తనే ఎక్కాడు. వెనకాల మణెమ్మ. గడప దగ్గరికి వచ్చి ఆమె బయటే ఆగిపోయింది.

గదిలో చలికాలపు క్లబ్బంతా ఉంది. ఊరేగింపు దెబ్బకు భయపడి వెంకోబ ఈసారి అందరికీ గట్టిగా చెప్పిపెట్టాడు: అన్న ఏం చేసినా, ఎట్ల కొట్టినా, ఎవరూ ఏమీ అనొద్దు, చప్పట్లు కొట్టాలి. పాపం, ప్రేమే. వీళ్ళ ప్రేమతో వచ్చిన చిక్కే ఇది, ఒకదాని నుంచి తప్పించుకుంటే ఇంకోదానిలో పడేస్తారు.

కురుమయ్య కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఎదురుగా చాంద్ పాషా. బిళ్ళలు నడుమ గుండ్రంగా పేర్చారు, రాణి మధ్యలో. ఎడమచేత్తో స్ట్రైకరు రెండు గీతలకూ తాకించి పెట్టాడు. కొట్టాడు.

బిళ్ళలు కాస్త చెదిరాయి. స్ట్రైకరు వాటిని తాకి పక్కకు తిరిగి, మెల్లగా, చాలా మెల్లగా, నా ఉబ్బిన మూల వైపు నడిచింది. ఆగు, ఆగు అనుకున్నాను. ఉబ్బు అయినా ఆపుతుందనుకున్నాను. ఉబ్బు పక్కనుంచి జారి గుంతలో పడింది.

వెంటనే చప్పట్లు. "శభాష్ అన్నా! బోణి అదిరింది!" వెంకోబ గుంతలో చెయ్యి పెట్టి స్ట్రైకరు తీసి, ఏమీ జరగనట్టు కురుమయ్య ముందు పెట్టాడు. "ఏం గాలే అన్నా. మల్ల కొట్టు. ఇది లెక్కల లేదు."

కురుమయ్య ముఖం చూశాను. ఊరేగింపు నాడు చూసిన ముఖమే అది. ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో, కుడిచేతి పక్కన పెట్టుకున్నాడు. కర్ర కోసం చూస్తున్నాడు. ఇక లేచి పోతాడు, మళ్ళీ రాడు, నాకు తెలిసిపోయింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళకు మాత్రం తెలియలేదు.

"ఫౌల్!"

అందరూ తలలు తిప్పారు. మణెమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. నగారఖానాలో ఆడమనిషి గొంతు అదే మొదటిసారి. పావురాలు కూడా లేచిపోయాయి.

"స్ట్రైకరు గుంతల వడ్డది. కండ్లు కనవడుతలేవా మీకు? సప్పట్లు కొట్టుడేంది? ఇంట్ల నా దగ్గర ఒక్కటి ఇడువలే ఈ మనిషి, గీత గీతకు నన్ను తిట్టిండు. ఇయ్యాల ఆయన వడేస్తె లెక్కల లేదా? జుర్మానా వెట్టుమను!"

వెంకోబ నోరు తెరిచాడు. "వదినా... గట్ల కాదు... అన్నకు..."

"అన్నకేమైంది?" అంది మణెమ్మ.

కురుమయ్య భార్య వైపు చూశాడు. సగం నోటితోనే నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చి, కళ్ళ నీళ్ళు వచ్చి, ఎడమచేత్తో తుడుచుకున్నాడు.

"ఫౌలే" అన్నాడు. "నా ఖాతల ఒక బిళ్ళ బాకీ. చాంద్ పాషా, నీ వంతు. నన్ను సూసి మెల్లగ కొట్టినవనుకో, నీ దుకాణం మీదికొచ్చి తిడుత."

చాంద్ పాషా మెల్లగా కొట్టలేదు. ఆ ఆట ఒక్కడే మొత్తం ఊడ్చేశాడు. బాకీ పెట్టడానికి కూడా ఒక్క బిళ్ళ దక్కక కురుమయ్య చిత్తుచిత్తుగా ఓడిపోయాడు. ఓడిపోయి, మర్నాడు మళ్ళీ మెట్లు ఎక్కి వచ్చాడు. మణెమ్మ కూడా వచ్చింది, ఈసారి గడప దగ్గర ఆగలేదు. ఆమె రొట్టెలు మూటకట్టి తెచ్చేది, మగవాళ్ళు తినేవారు. కొన్నాళ్ళకు ఆమె కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు చూశారు ఊరివాళ్ళు, ఆమె స్ట్రైకరు రెండు గీతలకూ ఎంత చక్కగా తాకించి పెడుతుందో. ఆ తర్వాత కురుమయ్య ఏ చలికాలమూ పోటీ గెలవలేదు. 'ఫౌల్' అనడం మాత్రం మానలేదు.

తర్వాత కథ చిన్నదే. ఆయన పోయాడు. ఆ రోజు వచ్చిన ఊరేగింపు సరైనదే. కొన్నేళ్ళకు కోటను పర్యాటక స్థలం చేసి, నగారఖానాకు రంగులు వేసి, క్లబ్బును కిందికి పంపించారు. వాళ్ళు కొత్త బోర్డు కొనుక్కున్నారు. నన్ను పారెయ్యబోతే, చట్రంలో గడీ తలుపు టేకు చూసి ఎవరో పెద్దమనిషి 'రాజుగారిది' అని తేల్చేశాడు. అలా అద్దంలోకి వచ్చాను.

ఈ చలికాలం ఒక మధ్యాహ్నం, గైడు ఒక గుంపుకు నన్ను చూపిస్తున్నాడు. "రాజావారు గొప్ప ఆటగాడండీ. జీవితంలో ఒక్కసారి కూడా స్ట్రైకరు గుంతలో వేసి ఎరగరు" అని ఉపన్యాసం. గుంపు వెనక ఒక పొట్టి ముసలామె, చేతికర్రతో, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడి ఉంది. ఆ కర్రను నేను గుర్తుపట్టాను. జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చింది. నా ఉబ్బిన మూల మీద, అద్దం పైన, వేలు పెట్టింది.

"ఫౌల్" అంది గట్టిగా.

గైడు తడబడ్డాడు. "ఏందవ్వా?"

ఆమె అద్దానికి ముఖం ఆనించి, నాకు మాత్రమే వినబడేట్టు అంది: "ఆ బిళ్ళ ఇంక బాకీనే ఉన్నది సవితీ. ఆయన మర్సిపోయిండు."